మనవాడు వేసిన చీకటి

దీపం పెడితే చీకటి పోతుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో అది సగమే నిజం. అక్కడ మామూలు చీకటి వేరు, మంత్రం వేసి తెచ్చిన చీకటి వేరు. రెండోదాని ముందు కాగడాలూ లాంతర్లూ పనిచెయ్యవు. చీకట్లో చూడగలిగే ఎల్ఫులకీ, డ్వార్ఫులకీ కూడా అందులో ఏమీ కనబడదు.

1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో క్లెరిక్ 'లైట్' మంత్రాన్ని తిరగేస్తే చీకటి వచ్చేది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో లెక్క వేరు. 'డార్క్‌నెస్' రెండో లెవెల్ మంత్రం. చుట్టూ 15 అడుగుల మేర, 10 నిమిషాల దాకా కమ్ముకుంటుంది. రెండో లెవెల్ దాకా ఏ మంత్రపు వెలుతురు దానికి తగిలినా ఆరిపోయేది వెలుతురే. కెంపుల పొడి ఖర్చుపెట్టి వెలిగించుకున్న 'కంటిన్యువల్ ఫ్లేమ్'కీ అదే గతి. చీకటిని చెరిపేయాలంటే మూడో లెవెల్ 'డేలైట్' కావాలి.

శత్రువు చీకటి వేస్తే ఆలోచించడానికేం లేదు, డేలైట్ వెయ్యడమే. చిక్కంతా మనవాడు వేసినప్పుడు. మా ఆటలో వార్లాక్‌గా ఆడే మిత్రుడికి 'డెవిల్స్ సైట్' ఉంది. ఓ నాణెం మీద చీకటి వేసి వెంట ఉంచుకుంటాడు. వాడికన్నీ కనబడతాయి, మిగతావాళ్ళం తడుముకోవాలి. "శత్రువులకీ కనబడదు కదరా!" అంటాడు. నిజమే. కానీ నేను క్లెరిక్‌ని. 'హీలింగ్ వర్డ్' వెయ్యాలంటే నాకు మనిషి కనబడాలి.

ఓసారి మా చెల్లి ఆడే దొంగ పాత్ర ఆ చీకట్లోనే పడిపోయింది. అది తను తయారుచేసుకున్న మొట్టమొదటి పాత్ర. చావు గండానికి పాచికలు వేస్తోంది, రెండుసార్లు తప్పాయి. నా దగ్గర మూడో లెవెల్ స్లాట్ ఒక్కటే మిగిలింది. దాంతో డేలైట్ వేస్తే చీకటి పోతుంది, తను కనబడుతుంది. కానీ ఈలోగా తను చచ్చిపోతే బతికించే 'రివివిఫై'కి కావలసిందీ ఆ స్లాటే. పైగా వార్లాక్‌కి ఉన్నవే రెండు స్లాట్లు, అందులో ఒకటి నేనే బూడిదలో పోసినట్టవుతుంది.

"అన్నా, చచ్చిపోతున్నాను, కాసేపు తియ్యవా దాన్ని?" అంది చెల్లి, వాడితో.

ఆ మంత్రంలోనే ఓ చిన్న వాక్యం ఉంది: చీకటి పుట్టే వస్తువుని గిన్నెతోనో, శిరస్త్రాణంతోనో పూర్తిగా మూసేస్తే చీకటి బయటికి రాదు. వాడి వంతు రాగానే నాణెం తీసి నేలమీద పెట్టి, దానిమీద హెల్మెట్ బోర్లించాడు. తరవాత వంతు నాదే. మొదటి లెవెల్ స్లాట్‌తో చెల్లిని లేపాను. మళ్ళీ తన వంతులో వాడు హెల్మెట్ తీశాడు, ఆట సాగింది.

ఇప్పుడు పోరాటం మొదలవకముందే అడుగుతాడు, "చీకటి వెయ్యనా, ఎవరికైనా ఇబ్బందా?" అని. నేను మాత్రం డేలైట్ సిద్ధం చేసుకునే ఉంటాను. శత్రువులు అడిగి వెయ్యరు కదా.