పెన్న వెంట, రక్తం వెంట

నంది కొండల దగ్గర పుట్టి, గండికోట లోయ దాటి, వెలిగొండల సందులోంచి పెన్న నెల్లూరు మెట్టలోకి దిగేచోట సోమశిల ఉంది. 78 టీఎంసీల జలాశయం. గేట్లు ఎంత ఎత్తితే కిందికి అంతే నీరు. పశువు ఒంట్లోనూ అదే లెక్క. సన్న ధమనుల గోడల్లోని కండ బిగిస్తే రక్తం తగ్గుతుంది, వదిలితే పెరుగుతుంది. రక్తపోటు నిలబడేది చాలావరకు ఆ బిగువు మీదే.

కుడి గట్టున కలువాయి వైపు వస్తే ఏటి వెడల్పు చూసి కొత్తవాళ్లు బెదురుతారు. వేసవిలో చూడండి, అంతా ఇసుకే. నీళ్లు ఓ పక్కన సన్నగా పారుతుంటాయి, సగం ఇసుకలోకే ఇంకిపోతాయి.

వానలు మొదలయ్యాక బర్రెలున్న ఇంట్లో గొంతువాపు భయం. పాశ్చురెల్లా మల్టోసిడా అనే క్రిమి రక్తంలో చేరితే, రాత్రి నెమరేసిన బర్రె తెల్లారేసరికి గురక పెడుతూ, చొంగ కారుస్తూ, మెడ కింద వాపుతో నిలబడుతుంది. ఒళ్లు కాలిపోతుంటుంది. క్రిమి పైపొరలోని ఎండోటాక్సిన్‌ని చూసి ఒంటి కాపలా కణాలు రెచ్చిపోతాయి. ఆ హడావుడిలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా పుట్టి ధమనుల కండను సడలిస్తుంది. రక్తం ఒక్క చుక్క బయటికి పోకుండానే నాళాలు వేసవి పెన్నలా వెడల్పై రక్తపోటు పడిపోతుంది. దీన్నే షాక్ అంటారు. ఆపైన కేశనాళికల గోడలు వదులై నీరు కండలోకి ఊరుతుంది. పై పెదవి ఎత్తి, చిగురు మీద నలుపు లేని చోట బొటనవేలితో నొక్కి వదలండి. 2 సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. మొదట్లో చిగుళ్లు ఇటుక రంగులో ఉంటాయి, చివరికి మసకబారి తెల్లబడతాయి. చెవులు చల్లబడ్డాయంటే గుండె ఓడిపోతున్నట్టే.

ఎడమ గట్టున ఆత్మకూరు మెట్టల్లో జోడిపి గొర్రెల మందలు. మనిషితో పోలిస్తే గొర్రె తీరు వేరు. దాని ఊపిరితిత్తుల రక్తనాళాల్లోనే కాపలా కణాలు అంటిపెట్టుకుని ఉంటాయి. మనిషికీ కుక్కకీ అవి మామూలుగా ఉండవు. అందుకే గొర్రెకు కాస్త ఎండోటాక్సిన్ చాలు, ముందు ఊపిరితిత్తుల్లో రక్తపోటు పెరిగి ఆయాసం మొదలవుతుంది. షాక్ పరిశోధనలకు గొర్రెను ఎన్నుకోవడంలో ఈ సంగతిని లెక్కలోకి తీసుకుంటారు.

ఉదయగిరి వైపు నుంచి వచ్చే బొగ్గేరు సంగం దగ్గర పెన్నలో కలుస్తుంది. 2021 నవంబరు 19న, ఎగువన పెన్నలో కలిసే చెయ్యేటి మీది అన్నమయ్య కట్ట తెగి, ఆ వరద సోమశిల మీదుగా ఇటే వచ్చింది. గట్టు ఓడుతున్నప్పుడు పైనుంచి నీరు పెంచితే పొలాలు మునుగుతాయి. సెలైనూ అంతే. షాక్‌లో ఉన్న పశువుకి అది కావాల్సిందే, కానీ నాళాలు ఊరుతుండగా మితిమీరి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. యాంటీబయాటిక్ సూది క్రిమిని చంపుతుంది, సడలిన నాళాన్ని బిగించదు. వాపు కనిపించాక డాక్టరుగారి చేతిలో మిగిలేది తక్కువ.

నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలుస్తుంది. ఈ ఏటికి పెద్ద నీరు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. గొంతువాపు టీకా మాత్రం మామూలుగా నైరుతికి ముందు, మే-జూన్‌లో వేస్తారు. పటిక కలిపిన టీకా బలం 4 నుంచి 6 నెలలే, నూనె టీకా 9 నుంచి 12 నెలలు ఆగుతుంది. కలువాయి రైతు అడగాల్సింది టీకా వేశారా అని కాదు, ఏ టీకా వేశారని. పటికదైతే అక్టోబరు రాకముందే మరో మోతాదు సంగతి డాక్టరుగారితో మాట్లాడుకోవాలి.