నీ కొండ ఏది? నీ ఏరు ఏది?

మాది గోరంట్ల. ఒకప్పటి అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. ఆకాశంకేసి చూస్తూ వేరుశనగ విత్తే ప్రాంతం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మాకదే గొప్ప. అలాంటి చోట పుట్టిన నేను, ఎటు చూసినా నీళ్లే కనిపించే న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌కు వెళ్లాను. మా అబ్బాయి కుటుంబం అక్కడే ఉంటోంది.

బెంగళూరులో బయల్దేరి సింగపూర్, ఆక్లాండ్ మీదుగా ప్రయాణం. వెల్లింగ్టన్ రన్‌వేకి రెండు కొసలా సముద్రమే. దిగబోయే ముందు విమానం గాలికి ఊగిపోతుంటే కదిరి నరసింహస్వామికి మొక్కుకున్నాను. ‘ఇక్కడ ఇది మామూలే నాన్నా’ అని నవ్వాడు మావాడు. ఆ ఊరికి గాలి నగరమనే పేరుంది మరి!

రేవు చుట్టూ కొండలు, కొండలనిండా చెక్క ఇళ్లు. కొందరైతే ఇంటికి చేరడానికి సొంతంగా చిన్న కేబుల్‌కార్లు పెట్టుకున్నారు. ఊరందరిదీ అయిన ఎర్ర కేబుల్‌కారు 1902 నుంచీ నడుస్తోంది. ఇది గాల్లో వేలాడేది కాదు, పట్టాలమీద తాడు లాగే బండి. అది బయల్దేరే లాంబ్టన్ కీ వీధి ఒకప్పుడు సముద్రపు ఒడ్డేనట! 1855లో వచ్చిన భూకంపానికి నేల పైకి లేచింది. ఆ తర్వాత ఇంకొంత పూడ్చి ఊరు కట్టుకున్నారు.

మావోరీలు ఈ రేవు గురించి మరో కథ చెబుతారు. ఇది ఒకప్పుడు సరస్సు. అందులో రెండు తనిఫాలు, అంటే నీటిలో ఉండే మహాప్రాణులు, ఉండేవి. ఒకటి కొండను బద్దలుకొట్టి సముద్రంలోకి దూసుకుపోయింది. రెండోది మెట్టలో చిక్కుకుని నేలగా మారింది. దాని ప్రాణం పక్షిగా ఎగిరి మతైరంగి కొండమీద వాలింది. 196 మీటర్ల ఆ కొండెక్కితే రేవంతా అరచేతిలో ఉన్నట్టే కనిపిస్తుంది.

1998లో తెరిచిన తే పాపా జాతీయ మ్యూజియం సేకరణలో మన దక్షిణాది వస్తువొకటి ఉంది. తమిళ అక్షరాలున్న ఓడగంట ముక్క. మావోరీలు దాన్ని వంటపాత్రగా వాడుకుంటుంటే 19వ శతాబ్దంలో ఒక మిషనరీ చూశాడట. ఎలా వచ్చిందో ఎవరూ తేల్చలేదు.

అక్షరాలు మిగిలినా మాట మిగలాలిగా! బళ్లో మావోరీ మాట్లాడితే పిల్లలకు దెబ్బలు పడ్డ రోజులున్నాయి అక్కడ. భాష పోతోందని 1972లో 30 వేలమందికి పైగా సంతకాలతో ఇక్కడి పార్లమెంటుకు అర్జీ ఇచ్చారు. 1982లో పక్కనే ఉన్న వైనుయోమాటాలో మొదటి ‘కోహంగ రెయో’ మొదలైంది. అంటే భాషాగూడు. అవ్వాతాతలు పసిపిల్లలతో మావోరీలోనే మాట్లాడే బడి. 1987లో మావోరీ అధికార భాష అయింది.

అది విన్నప్పుడు నాకు మా మనవడే గుర్తొచ్చాడు. ఎనిమిదేళ్లవాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లిషులోనే. నేనూ ఏనాడూ పట్టుబట్టలేదు.

ఒక సాయంత్రం పుస్తకం పట్టుకొచ్చి ‘తాతా, నా మౌంటెన్ ఏది? రివర్ ఏది?’ అన్నాడు. మావోరీలు తమను పరిచయం చేసుకునేటప్పుడు ముందు తమ కొండ, తమ ఏరు చెప్పి, పేరు చివర్న చెబుతారు. ‘పెపెహా’ అంటారు దాన్ని. బళ్లో అందరికీ నేర్పుతున్నారు.

నాకు సిగ్గేసింది. కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి మా మీదుగా పోయే చిత్రావతి ఉంది. కానీ ఏడాదిలో చాలాకాలం ఇసుకే. ‘నీళ్లుండవురా’ అన్నాను. ‘పర్లేదు, అది మనదే కదా’ అన్నాడు వాడు, తెలుగులోనే! ఆ రాత్రి ‘చిత్రావతి’ అని పదిసార్లు పలికించాను. చదువుకునే రోజుల్లో ఆ ఇసుకలో చెలమ తీసి నీళ్లు తాగిన సంగతీ చెప్పాను.

ఊరికొచ్చి చాలా రోజులైంది. ప్రతి ఆదివారం ఫోన్లో వాడు మొదట అడిగేది ఒకటే. ‘తాతా, ఏరొచ్చిందా?’

‘ఇంకా రాలేదు నాయనా. వస్తే మొదట నీకే చెబుతా’ అంటాను.