తిరువూరు స్టాఫ్‌రూమ్‌లో

విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి తిరువూరు మీదుగానే పోతుంది. చుట్టూ మామిడి తోటలు, కాస్త దూరంలో తెలంగాణ సరిహద్దు. ఇక్కడి డిగ్రీ కాలేజీలు కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. 2008లో మచిలీపట్నంలో వెలసిన ఆ విశ్వవిద్యాలయం ఇక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే.

నేను వెళ్లేసరికి ఇక్కడి ఓ ప్రైవేటు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ నడుస్తోంది. బ్యూరెట్ దగ్గర ఓ అమ్మాయి చెయ్యి వణికింది. ఫ్లాస్కులో ద్రావణం ముదురు గులాబీకి తిరిగింది. లెక్చరర్ విసుక్కోలేదు. "చుక్క చుక్కగా వదులమ్మా, లేత గులాబీ రాగానే ఆపెయ్" అన్నారు. రికార్డులో రాసుకోవడానికి అదే మాట మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు. 2021–22లో రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మీడియానికి మారింది. తెలుగులో చదువుకుని వచ్చిన పిల్లలకు ప్రతి పాఠం రెండుసార్లు చెప్పాలి. ఆయనకది బరువనిపించడం లేదు. రెండోసారి రంగు సరిగ్గా కుదిరినప్పుడు అమ్మాయికన్నా ఆయనే ఎక్కువ సంబరపడ్డారు.

స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చాక అదే మనిషి గొంతు మారింది; మాట పనిగంటలు, జీతం మీదికి మళ్లింది. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠం చెప్పాలి. ఏడో వేతన సంఘం స్కేలులో తొలి మూలవేతనం 57,700 రూపాయలు. ప్రభుత్వ ఎయిడ్ లేని చిన్న ప్రైవేటు కాలేజీ గడప ఆ స్కేలు తొక్కడం అరుదు.

"ఎండాకాలం వచ్చిందంటే అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలండీ" అన్నారు పక్కనున్న కామర్స్ మేడమ్. మామిడి కోతల రోజుల్లోనే ఇంటర్ రాసిన పిల్లల ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులను బతిమాలుకోవాలి. సీట్లు నిండకపోతే కోర్సు ఎత్తేస్తారు, దానితో ఉద్యోగమూ పోతుంది. ఎమ్మెస్సీ, ఎంకాం చదివినవాళ్లను ఇలా గుమ్మాల ముందు నిలబెట్టడం తలవంపులు.

అమెరికా మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి తెలుసుకుని 1959లోనే ఓ సంగతి చెప్పాడు: ఉద్యోగంలో సంతృప్తినిచ్చేవి వేరు, అసంతృప్తి రేపేవి వేరు. చేసే పని, గుర్తింపు, ఎదుగుదల మొదటి జట్టు. జీతం, భద్రత, యాజమాన్యం తీరు రెండోది. ల్యాబ్‌లో మొదటిది, స్టాఫ్‌రూమ్‌లో రెండోది కళ్లకు కట్టాయి. పిల్లలంటే ఇష్టం ఉంది కదా అని జీతం దగ్గర నొక్కిపెట్టడం అన్యాయం.

కెమిస్ట్రీ మాస్టారి పీహెచ్‌డీ సగంలో ఆగింది. వేసవి తన చేతిలో ఉంటే థీసిస్ ముగిస్తానంటారు. మేడమ్ కోరిక ఇంకా చిన్నది: "పన్నెండు నెలలకూ జీతం ఇమ్మనండి చాలు, ఇంకో కాలేజీ వెతుక్కోను."