అక్కకు ఒక మాట, చెల్లెలికి ఒక మాట



ఈ సంగతి వ్రాయుటకు కొంత సిగ్గుపడితిని. అయినను మన యిండ్లలో తల్లి కూతురికి చెప్పక, అక్క చెల్లెలికి చెప్పక దాచుకొను సంగతి యిదియే గనుక వ్రాయుచున్నాను. మీలో 40 ఏండ్లు దాటినవారు దీనిని నిదానముగా చదువవలెనని నా మనవి.

నా 48వ యేట నెలసరి తప్పుచు వచ్చి, మరుసటి యేడు ఆగిపోయెను. పన్నెండు నెలలు వరుసగా రాకపోయినచో ముట్లుడిగినట్లని వైద్యులు చెప్పుదురు. మన దేశపు స్త్రీలకు ఇది సాధారణముగా 46, 47 ఏండ్లకు జరుగును. ఆ దినములలో, చల్లగాలికి పండుకొన్నను, నా రొమ్ము నుండి ముఖమునకు వేడి ఆవిరి లేచెడిది. రవికె తడిసిపోయెడిది. మరు నిమిషమున చలి పుట్టెడిది. నిద్రలేక చిన్న మాటకే కోడలిమీద విసుగుకొనుచుంటిని. ఒకనాడు ఆ పిల్ల కన్నీళ్లు తుడుచుకొనుచు వంటయింటిలోనికి పోగా చూచి, నాకు ఏమాయెనని నన్ను నేనే అడుగుకొంటిని.

“ఆడదానికి ఇది మామూలే, ఓర్చుకొనవలెను” అని ఒకరనిరి. పట్నములోనున్న మా ఆడబిడ్డ, “హార్మోను మాత్రలు వేసికో వదినా, నాకు చక్కగా నిద్ర పట్టుచున్నది” అనెను. మందుల షాపులో ఆ పేరు చెప్పి తెచ్చుకొందునా అని కూడ తలంచితిని.

నా చెల్లెలి కథ వేరు. ఆమె 36వ యేట తెల్లబట్ట అగుచున్నదని ఆసుపత్రికి పోగా, “ఉంచుకొంటే క్యాన్సరు వచ్చును” అని భయపెట్టి గర్భసంచి తీసివేసిరి. ఇది ఆమె ఒక్కతె కథ కాదు. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశమంతట నూటికి ముగ్గురు కాగా, తెలంగాణలో సుమారు 8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది. ఆపరేషను తరువాత చెల్లెలికి ఆవిర్లు, నీరసము, కీళ్లనొప్పులు పట్టుకొన్నవి. టానిక్కులు త్రాగెను. 41వ యేట కుళాయి యొద్ద జారిపడగా మణికట్టు విరిగెను. హార్మోను మాటెత్తితే మాత్రము, “అమ్మో, రొమ్ము క్యాన్సరు వచ్చునట, నాకు వద్దక్కా” అనెడిది.

ఇద్దరము కలిసి స్త్రీల వైద్యురాలి యొద్దకు పోతిమి. నాకు కావలెనని నేను, తనకు వద్దని ఆమె. తిరిగి వచ్చునప్పటికి మా యిద్దరి మాటలును తారుమారాయెను.

డాక్టరమ్మగారు మందు చీటీ వ్రాయకముందు చాల ప్రశ్నలు అడిగిరి. వయస్సెంత? నెలసరి ఆగి ఎన్నాళ్లయినది? గర్భసంచి ఉన్నదా? అండాశయములు ఉన్నవా? గుండెపోటు, పక్షవాతము, రొమ్ము క్యాన్సరు, కాలేయపు జబ్బు ఎప్పుడైన వచ్చినవా? కారణము తెలియని రక్తస్రావమున్నదా? రక్తము గడ్డకట్టినదా?

చెల్లెలు తన పాత డిశ్చార్జి కాగితము చూపెను. రెండు అండాశయములును తీసివేసినట్లు అందులో వ్రాసియుండెను. ఐదేండ్లుగా ఆ సంగతి మాలో ఎవరికిని తెలియదు! డాక్టరమ్మగారు నెమ్మదిగా ఇట్లనిరి: “అమ్మా, ఇంకను పదేండ్లు నీ ఒంటిలో ఊరవలసిన హార్మోను ఒక్కదినమున ఆగిపోయినది. ఎముకలకును గుండెకును అది నష్టము. నీవు వేసికొనునది అదనము కాదు, పోయినదానిని నింపుట. సహజముగా ఆగు వయస్సు వచ్చువరకైనను వాడుట మేలు. గర్భసంచి లేదు గనుక ఈస్ట్రోజెన్ ఒక్కటే చాలును.” గర్భసంచి ఉన్నవారికి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చినచో దాని లోపలి పొర దళసరియై క్యాన్సరునకు దారితీయవచ్చును గనుక, వారికి ప్రొజెస్టరోన్ కూడ చేర్చుదురట.

చెల్లెలి భయము ఎక్కడనుండి వచ్చినదో కూడ ఆమె విప్పి చెప్పిరి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధనలో రెండు హార్మోనులు కలిపి వాడినవారి భాగమును 2002లో మధ్యలోనే ఆపివేసిరి. వారిలో రొమ్ము క్యాన్సరు ఏడాదికి 10,000 మందికి సుమారు 8 మంది చొప్పున ఎక్కువగా కనబడెను. అయితే ఆ స్త్రీల సగటు వయస్సు 63. గర్భసంచి లేక ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. 60 ఏండ్ల లోపుననో, నెలసరి ఆగిన పదేండ్ల లోపుననో మొదలుపెట్టిన ఆరోగ్యవంతులలో బాధ ఎక్కువగా ఉన్నవారికి, సాధారణముగా కీడుకంటె మేలే ఎక్కువని నేటి వైద్యుల మాట.

తరువాత నా వంతు. గడ్డల సంగతి ఆమె మూడవమారు అడిగినప్పుడు నాకు జ్ఞాపకము వచ్చినది. 25 ఏండ్ల క్రిందట, రెండవ కాన్పు తరువాత, నా ఎడమ కాలు వాచి రక్తము గడ్డకట్టినదని ఆసుపత్రిలో ఉంచిరి. “మాత్రలు ఆ భయమును పెంచును. చర్మమునకు పూయు జెల్‌తో భయము తక్కువ. హార్మోను లేని మందులును కలవు. నీ బాధ ఎంత, ప్రమాదమెంత, తూచుకొని నీవే చెప్పుము” అనిరి. నేను హార్మోను లేని మందునే కోరుకొంటిని. ఆవిర్లు సగము తగ్గినవి, పూర్తిగా పోలేదు. కాని ఆ షాపునకు పోయి మాత్రలు తెచ్చుకొనియుంటే ఏమగునోయని తలంచినప్పుడు ఇప్పటికిని ఒళ్లు జలదరించును.

కాబట్టి సోదరీమణులారా, ఒకరికి మేలుచేసిన మందు మరొకరికి తగినదని తలంచకుడి. ఒకరికి తగనిది అందరికిని విషమని భయపడకుడి. గర్భసంచి తీయించుకొన్నవారు పాత కాగితము వెదకి, అండాశయములు ఉన్నవో లేవో చదివించుకొనుడి. మీ జబ్బులును మీ తల్లి, అక్కచెల్లెండ్ర జబ్బులును ఒక కాగితముమీద వ్రాసికొని డాక్టరు యొద్దకు పోవుడి. వాడుచున్నవారు ఏటేట చూపించుకొనుడి. నెలసరి ఆగి ఏడాది దాటిన తరువాత ఒక్క చుక్క రక్తము కనబడినను ఆలస్యము చేయకుడి. వేసికొనుటలో తప్పులేదు, మానుటలో గొప్పలేదు. తెలిసికొని నిర్ణయించుకొనుటయే ముఖ్యము.

ఇంటికి వచ్చినరోజు రాత్రి కోడలిని పిలిచి జరిగినదంతయు చెప్పితిని. “ముందే చెప్పియుంటే బాగుండును గదా, అత్తమ్మా” అనెను. నేను మీకు చెప్పదలచినదియు అదే.