గుమ్మమున అడుగు ప్రశ్న

సిసిలీ ద్వీపపు ఆగ్నేయతీరమున సిరకూజా అను పట్టణము కలదు. క్రీస్తునకు పూర్వము ఎనిమిదవ శతాబ్దిలో కొరింథునుండి ఓడలలో వచ్చిన గ్రీకులు దానిని నెలకొల్పిరి. ఆర్కిమెడీసు జన్మించినదియు, క్రీ.పూ. 212లో నగరము రోమనుల వశమైనపుడు ఒక సైనికుని కత్తికి ఆహుతియైనదియు అచటనే. పట్టణమునకు ప్రాచీనభాగమైన ఒర్తీజా ఒక చిన్న లంక. వంతెనలు దాటి అందులోనికి పోవలెను. జర్మనీదేశమున స్టుట్‌గార్టులో చాలకాలముగా ఉద్యోగము చేసికొనుచున్న నావంటి మధ్యతరగతి గృహస్థునకు వేసవిలో ఆ లంకయందు బస సాధ్యము కాదు, అద్దెలు ఆకాశమంటును. మాఘమాసమున, బాదముచెట్లు పూతకు వచ్చి, సముద్రస్నానమునకు వచ్చువారు లేని దినములలో, చౌకగదులు దొరకునని విని బయలుదేరితిని.

రోమునుండి పోవు రైలు మెస్సీనా జలసంధి యొద్దకు చేరగానే దాని పెట్టెలను విడదీసి ఓడగర్భములోనికి నెట్టుదురు. ఓడ ఆవలి యొడ్డున ఆగిన పిమ్మట వానిని మరల కూర్చి పట్టాలమీద నడపుదురు. గాజులపల్లె స్టేషను దాటి నల్లమల కనుమలోనికి దూరిపోవు గుంటూరు బండిని చూచుచు పెరిగిన నాకు, కొండను తొలిచిపోవు రైలు క్రొత్త కాదు గాని, సముద్రమును ఓడనెక్కి దాటు రైలు క్రొత్త. ఆ రాత్రి పడకమీదనుండి లేచి, ఓడ పైయంతస్తునకు పోయి, చలిగాలిలో నిలిచి, ఇటలీ దీపములు వెనుకకు జరుగుటయు సిసిలీ దీపములు ముందునకు వచ్చుటయు చూచితిని.

నేను దిగిన హోటలు ఒర్తీజాలో రెండు బండ్లు ఎదురుపడినచో తప్పుకొనజాలనంత ఇరుకైన వీధిలో నున్నది. మా నంద్యాలలో బస్టాండు ఎదుటి లాడ్జికి దీనికిని వసతులలో పెద్ద భేదము లేదు. మూడవ అంతస్తు, లిఫ్టు లేదు, తరతరముల పాదములకు నడుమ అరిగి పల్లమైన రాతిమెట్లు. గదిలో ఇనుపమంచము, ఉతికి ఆరవేసిన తెల్లదుప్పటి, ఒక బల్ల, చేతులు కడుగుకొను తొట్టి, చెక్క తలుపుల కిటికీ. స్నానపుగది వసారా చివర, ఇతరులతో ఉమ్మడి. పరిశుభ్రతకు మాత్రము లోపము లేదు. బల్లవెనుక కూర్చున్న వృద్ధురాలు నా పాస్‌పోర్టు తీసికొని, ఎన్ని రాత్రులుందునో అడిగి, అద్దెయు, నగరపాలకులకు చెల్లవలసిన యాత్రికపన్నును పుచ్చుకొని, తాళపుచెవి నా చేతికిచ్చెను. బసచేయువారి వివరములను పోలీసులకు తెలియజేయవలెనని అచటి చట్టము గనుక పాస్‌పోర్టు చూడక తప్పదు. అంతకు మించి ఆమె ఒక్కమాటయైన అడుగలేదు. నేనెవరి బిడ్డనో, ఏ మతస్థుడనో, ఏమి తిందునో ఆమెకు అక్కరలేకపోయెను. మరునాటి యుదయమున రొట్టెయు, కాఫీయు, తోలు తీసి తొనలుగా విడదీసిన నారింజయు నా ముందుంచి, నేను తినుట ముగించిన పిమ్మట, ఎదుటి కుర్చీలో కూర్చుండి, "మీది హిందూదేశమున ఏ ప్రాంతము?" అని ఆదరముతో అడిగెను.

నేను చెప్పదలచిన ప్రాంతము ఆమె వినియుండునది కాదు. అయినను ఆమె కిటికీనుండి నాలుగడుగులు పోయినచో కనబడు నీటిని చూపించి ఆమెకు కొంత బోధపరుపగలిగితిని. ఒర్తీజాకు పడమటి యంచున, ఉప్పుసముద్రమునకు కొద్దిగజముల దూరమున, ఒక మంచినీటి ఊట కలదు. అరెతూసా అని దాని పేరు. గ్రీసుదేశమున ఆల్ఫియసు అను నదీదేవత వెంటదరుమగా, అరెతూసా అను వనకన్య ఆర్తెమిసు దేవతను శరణువేడి, జలరూపము దాల్చి, సముద్రగర్భమున ప్రవహించి ఇచ్చట పైకి వచ్చెనని పురాతన గాథ. రాతికట్ట లేకున్నచో అలలు దీనిని ముంచివేయునని సిసెరో రెండువేల ఏండ్లకు పూర్వమే వ్రాసియున్నాడు. నేడును ఆ కట్ట యున్నది. లోపల పపైరసు దుబ్బులు ఏపుగా పెరిగియున్నవి, చేపలు తిరుగుచున్నవి, బాతులు ఈదుచున్నవి. ఆ కట్టమీద చేతులాన్చి నిలుచున్నపుడు నాకు మహానంది కోనేరు తలపునకు వచ్చినదనుట చాలదు. శివరాత్రి సమీపించుచున్న ఆ దినములలో ఇంకొకటి తలపునకు రాలేదు.

నంద్యాలకు తూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల పాదముల యొద్ద, మహానందీశ్వరుని గర్భగుడి క్రిందినుండి పుట్టు ఆ జలమును ఎరుగని రాయలసీమవాడు లేడు. గోపవరపు ఆవు పుట్టమీద పాలు కురియుచుండగా బెదరి అడుగువేయుటచేత లింగము అణగి గిట్టజాడ పడినదని మాకు స్థలపురాణము. ప్రాకారములోని రుద్రగుండము దాదాపు నిలువులోతున్నను, అడుగున పడిన చిల్లరనాణెపు బొమ్మ పైనుండి కనబడునంత స్వచ్ఛము. ఎందరు మునిగినను నీరు బురదగాదు, ఏలయన అది నిలువదు, లోనికి వచ్చినది వచ్చినట్లే బయటికి పోవుచుండును. గోపురము ముందరి బ్రహ్మ, విష్ణు గుండములును అట్టివే. మాఘమాసపు తెల్లవారుజామున ఆ నీరు ఒడలికి గోరువెచ్చగా తగులును, చైత్రవైశాఖములలో చల్లగా ఉండును. గుడి దాటిన తరువాత ఆ నీరే కాలువలై అరటితోటలకు పోవును. నవనందులను ఒక్కరోజున చుట్టివచ్చిన యాత్రికుడు చివరకు ఈ కోనేటిమెట్లమీద కూలబడి కాళ్ళు నీటిలో పెట్టినపుడు పొందు సుఖమునకు సమానమైనది నేను మధ్యధరా తీరమున నెచ్చటను పొందలేదు.

ఆ మహానందిలో యాత్రికుడు ఎక్కడ తలదాచుకొనును? దేవస్థానపు గదులు కలవు, అవి చాలవు. మిగిలినవి సత్రములు. శ్రీశైలమునవలెనే ఇచ్చటను ఒక్కొక్క కులమువారు ఒక్కొక్క సత్రము కట్టుకొనిరి. ఎవరి బోర్డు వారిది, ఎవరి వంటశాల వారిది. నా బాల్యమున ఒక శివరాత్రికి మా నాయన మమ్ము తీసికొనిపోయినపుడు, సత్రపు గుమాస్తా మొదట ఇంటిపేరును, పిదప గోత్రమును, ఆ పిదప ఊరిలో ఫలానావారు మీకేమగుదురనియు అడిగి, సమాధానములు సరిపడినవని తోచిన తరువాతనే గది చూపెను. మా వెనుక బండి ఆత్మకూరు వైపునుండి వచ్చిన ఒక కుటుంబము. ఒక వృద్ధుడు, ఆయన కోడలు, ఆమె చంకనొక పసిబిడ్డ. వారికిని మొదటి ప్రశ్న ఇంటిపేరే. సమాధానము విని గుమాస్తా పుస్తకము మూసి, "మీది ఈ సత్రం కాదు పెద్దాయనా, ఆ పక్క చూసుకోండి" అనెను. ఆ ప్రక్కన వారికి సత్రము లేదు. చలిలో మామిడిచెట్టు క్రింద గోనెపట్టా పరచి ఆ ముసలాయన బిడ్డను తన పంచెతో కప్పుట మా గది వసారానుండి నేను చూచితిని. ఆయన తెల్లవారి మాతోపాటే కోనేటిలో మునిగెను.

సత్రములు కట్టినవారిని నిందించుట నా అభిమతము కాదు. హోటళ్ళు లేని కాలమున దూరయాత్ర ఎంత కష్టమో తెలియవలెనన్న ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్రా చరిత్ర చదువవలెను. 1830లో చెన్నపట్టణమునుండి బయలుదేరి అహోబిలము, మహానంది, శ్రీశైలముల మీదుగా కాశికి పోయిన ఆయన, సుప్రీంకోర్టులో ఉద్యోగియు సంపన్నుడును అయియుండియు, డేరాలు వెంటబెట్టుకొని ప్రయాణము చేసి, ఏ మజిలీలో నీరు మంచిది, ఎచట అంగళ్ళు కలవు, ఎచట దిగుటకు వసతి కలదు అని పూసగ్రుచ్చినట్లు వ్రాసికొనెను. ధనికుని గతి అది యైనచో, మూటనెత్తికొని నడచువానిమాట చెప్పవలెనా? అట్టివానికి ఒక పూట అన్నము, ఒక రాత్రి చాప, వెల లేక ఇచ్చిన దాతల పుణ్యము గొప్పది. భూములమ్మి సత్రములు కట్టినవారున్నారు. తమవారికి ఇతరుల గుమ్మములలో చోటు దొరకదని ఎరిగి, అవమానము భరింపలేక, తామే కట్టుకొన్న కులములును ఉన్నవి. కాని గుమ్మమున అడుగు మొదటి ప్రశ్నయే ఆ పుణ్యమును సగము చేయుచున్నదని నా బాధ.

అన్నము పెట్టుటకును ప్రశ్న అడుగుటకును మధ్య ఒక క్రమము కలదు, దానిని పూర్వులు ఎరుగుదురు. పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు ఇంటికి వచ్చిన సిద్ధుని పూజించి, ఇష్టభోజనము పెట్టి, తృప్తిపరచి, ఆ తరువాతనే ఆయన చూచిన దేశముల ముచ్చట అడిగెను. గ్రీకులకును ఇదే ధర్మము. హోమరు ఒడిస్సీలో తండ్రిజాడ వెదకుచు వచ్చిన కుర్రవానికి నెస్టరు మొదట మాంసమును ద్రాక్షసారాయమును పెట్టించి, తిన్న పిదప మాత్రమే మీరెవరని అడుగును. ఆ కావ్యమున అతిథులను చూచినతోడనే "ఎవరు మీరు?" అని గద్దించువాడొకడు కలడు, వాడు ఒంటికన్ను రాక్షసుడు పోలిఫీమసు, అడిగిన వెంటనే ఇద్దరిని పట్టి తిన్నవాడు. వాడు విసరినవని చెప్పుకొను నల్లని రాళ్ళు సముద్రములో నిలిచియున్న తీరము నేను వచ్చిన రైలుమార్గమునకు చేరువనే యున్నది. సిరకూజాలోని నా వృద్ధురాలు హోమరును చదివినదో లేదో గాని, నారింజ తొనలు తిన్న తరువాతనే నా దేశమేదని అడిగినది.

అట్లని ఆమె హోటలును స్వర్గమని వర్ణించుట సత్యము కాదు. ఆ గుమ్మమునకును ఒక ప్రశ్న కలదు, అది పాస్‌పోర్టు. రెండవ ప్రశ్న డబ్బు. పరాయివారినందరిని ఆ పట్టణము ఒకే రీతిగా ఆదరింపలేదు. సిరకూజా ఉత్తరభాగమున సున్నపురాతి గనులు కలవు. ఆళ్లగడ్డ శిల్పుల ఉలిచప్పుడు విని పెరిగిన నేను, మనుష్యులు తొలిచిన ఆ రాతిగోడలను తాకి చూచుటకే పోయితిని. కాని వాని కథ వేరు. క్రీ.పూ. 413లో దండెత్తివచ్చి ఓడిపోయిన ఏథెన్సు సైనికులను, ఏడువేలమందికి తక్కువగాక, ఆ గనులలో త్రోసి, ఎండకును చలికిని విడిచి, కొలతవేసి నీరు, కొలతవేసి గింజలు ఇచ్చిరని థుసిడిడీసు వ్రాసెను. యూరిపిడీసు నాటకములలోని పద్యములు పాడగలిగిన కొందరికి మాత్రము అన్నపానములును విడుదలయు లభించినవని ప్లుటార్కు చెప్పినాడు. ఆ పట్టణమునకు కొంచెము ఉత్తరమున ఆగస్తా రేవు. ఈ శతాబ్దిలో ఆఫ్రికా తీరమునుండి చిల్లిపడవలలో వచ్చువారిని సముద్రమునుండి ఎత్తి దింపు రేవులలో అది ముఖ్యమైనది. 2013 అక్టోబరు 3న లంపెడూసా లంక దాపున ఒక్క పడవ మునిగి 360 మందికి పైగా చనిపోయిరి. వారిలో ఒక్కరైనను బ్రతికి నా హోటలు మెట్లెక్కి వచ్చియున్నచో, వారియొద్ద ఆ వృద్ధురాలు చట్టప్రకారము చూడవలసిన పుస్తకము ఉండెడిది కాదు. నీలిరంగు అట్టగల నా చిన్నపుస్తకము నాకు చేసినపని, నా బాల్యమున మా ఇంటిపేరు చేసినదే.

మనలో ఈ ప్రశ్న అడుగని ఇల్లు లేకపోలేదు. గోదావరి పాయల నడుమ లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు వచ్చినవారు ఎవరని విచారింపక, వేళ అని చూడక, 1909లో కన్నుమూయువరకు వండి వడ్డించిరి. ఆమె యొక గృహిణి; దేవస్థానము కాదు, సంఘము కాదు. రాజ్యాంగమును వ్రాసినవారును ఈ సంగతిని మరువలేదు. పదునైదవ అధికరణపు రెండవ ఖండమున, మతము, కులము, లింగము, జన్మస్థలము కారణముగా ఏ పౌరునికిని అడ్డు చెప్పరాని తావులను పేర్కొనుచు, హోటళ్ళను ఒక వాక్యమునను, బావులను, చెరువులను, స్నానఘట్టములను మరియొక వాక్యమునను చేర్చిరి. మహానంది కోనేరు, నంద్యాల లాడ్జి రెండును ఆ ఖండములో ఇమిడినవి. కులదాతల సత్రము మాత్రము మాది సొంతమని తప్పుకొనుచున్నది.

ఒర్తీజానుండి వచ్చిన కొలది దినములకే నంద్యాలనుండి నా తమ్ముడు ఫోను చేసెను.

"అన్నా, మహానందిలో మనోళ్ళు కొత్త సత్రం కడ్తాండారు. ఒక గది నాయన పేరుమీద రాపిద్దామా?"

"రాపిద్దాం. గది అడిగినోళ్ళను ఇంటిపేరు అడగబోమని వాళ్ళు ఒప్పుకుంటే డబ్బు పంపిస్తా."

"అట్లయితే శివరాత్రికి మనోళ్ళకు గదులు దొరకాల గదన్నా?"

"ముందొచ్చినోళ్ళకు దొరుకుతాయి. పసిబిడ్డ ఉన్నోళ్ళకు ఇంకా ముందు దొరకాల."

వాడు కొంతసేపు మాటలాడలేదు. పెద్దలతో చెప్పి చూచెదననెను. వాని మాట త్రోసిపుచ్చదగినది కాదు. దూరపు ఊరినుండి ఆశతో వచ్చిన తమవారు గది దొరకక వెనుదిరిగినచో విరాళమిచ్చినవారు నొచ్చుకొందురు. అందుచేత నేను ఆ రాత్రియే కూర్చుండి సంఘము పెద్దలకు ఉత్తరము వ్రాసితిని. గదులలో కొన్నింటినైనను ప్రశ్న లేనివిగా ఉంచవలెననియు, భోజనశాలలో పంక్తి అందరికి ఒక్కటే కావలెననియు, ఇంటిపేరును పుస్తకములో వ్రాయుట అవసరమైనచో, ఆ పని అతిథి భోజనము చేసి చేయి కడుగుకొన్న పిమ్మట చేయవలెననియు కోరితిని. ఈ షరతులకు వారు సమ్మతించినచో నాయన పేర నేననుకొన్నదానికి రెట్టింపు పంపెదనని వ్రాసితిని. సమ్మతింపని పక్షమున ఆ సొమ్మంతయు మహానంది దేవస్థానమువారి అన్నదానమునకు పోవును. అచట పేరు చెక్కిన పలక లేకున్నను సరే.