మందుల చీటీ సాక్ష్యం చెబితే...

అమ్మకు షుగరొస్తే ఇంట్లో రాత్రిపూట చపాతీలు మొదలవుతాయి. బీపీ వస్తే కూరలో ఉప్పు తగ్గుతుంది. అదే మనసుకు జబ్బు చేస్తే? 'పిల్లాణ్ని ఆమె చేతుల్లో ఎలా పెట్టేది?' అన్న గుసగుస మొదలవుతుంది.

దంపతులు విడిపోయి బిడ్డ కోసం ఫ్యామిలీ కోర్టు మెట్లెక్కితే ఆ గుసగుసే పిటిషన్‌లోకి ఎక్కుతుంది. బీరువాలో చీరల కింద దాచుకున్న మందుల చీటీ జిరాక్స్ కాపీగా జడ్జి ముందుకొస్తుంది. చిక్కంతా ఇక్కడే. వైద్యం చేయించుకున్న తల్లికే చీటీ ఉంటుంది. లోలోపలే కుమిలిపోతూ డాక్టరు గడప తొక్కనివాళ్లకి... అది తల్లయినా తండ్రయినా... ఏ కాగితమూ ఉండదు. బాగుపడాలనుకున్న మనిషే దోషిలా నిలబడాలి. ఆ భయంతో మాత్రలు మానేస్తే చివరికి నష్టపోయేది బిడ్డే.

చట్టం మాత్రం అంత కరుకైనది కాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టమైనా, 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టమైనా చూడమనేది బిడ్డ క్షేమాన్నే. అయిదేళ్లలోపు పిల్లలు సాధారణంగా తల్లి దగ్గరే ఉండాలంటుంది రెండోది. స్కిజోఫ్రెనియా అన్న పేరొక్కటే చాలదు, దాని తీవ్రత ఎంతో చూడాలని 1988లో ఓ విడాకుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మానసిక వ్యాధి ఉన్నంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదు, అది కోర్టే తేల్చాలి అంటుంది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం. చికిత్స కోసం ఆసుపత్రిలో చేరిన తల్లి నుంచి మూడేళ్లలోపు బిడ్డను సాధారణంగా వేరుచేయకూడదన్నదీ అందులోనిదే. బెంగళూరు నిమ్హాన్స్‌లో తల్లీబిడ్డల్ని కలిపి ఉంచి వైద్యం చేసే వార్డే ఉంది.

అలాగని ప్రమాదమే లేదనుకోకూడదు. జబ్బు ముదిరి, బిడ్డకు హాని జరగవచ్చనిపిస్తే కొన్నాళ్లు నాన్న దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచాల్సిందే. అయితే, చూడాల్సింది జబ్బు పేరు కాదు. వేళకు మాత్ర వేసుకుంటోందా, బిడ్డకు అన్నం, బడి సాగుతున్నాయా, నిద్ర పట్టని రోజుల్లో ఫోన్ చేస్తే వచ్చే మనిషి ఉన్నారా... ఇవీ అడగాల్సిన ప్రశ్నలు. వాటికి జవాబులు మారితే ఏర్పాటూ మారాలి. కోలుకున్నాక తల్లి మళ్లీ కోర్టును అడగొచ్చు. ఈలోగా వారం వారం కలుసుకునే వీలున్నా బంధం తెగదు.

మరో మాట. దూరంగా ఉన్న బిడ్డ 'అమ్మ నా వల్లే ఇలా అయిందా?' అని లోలోపల అడుగుతూనే ఉంటుంది. 'అమ్మకు ఒంట్లో బాగాలేదు, మందులు వాడుతోంది, తప్పు నీది కాదు' అని చెప్పడానికి ఏ కోర్టు ఉత్తర్వూ అక్కర్లేదు.