టోలెమీ తప్పు, నా తప్పు

అన్నోజిగూడలో మా అబ్బాయి ఇంట స్థిరపడిన పిమ్మట నాకు లభించిన భాగ్యాలలో మనవరాలి కంప్యూటరు ఒకటి. మొన్నొక సాయంకాలం “తాతయ్యా, మీ ఊరివైపు పాతపటం దొరికింది, చూద్దువుగాని రా” అని పిలిచింది. మా స్వగ్రామం కృష్ణా జిల్లా ఘంటసాలకు చేరువ.

తెరమీద ఉన్నది జర్మనీలోని ఉల్మ్ నగరంలో 1482లో అచ్చయిన టోలెమీ భూగోళ గ్రంథంలోని భారతదేశ పటం. అలెగ్జాండ్రియాలో నివసించిన టోలెమీ, క్రీ.శ. 150 ప్రాంతాన, సుమారు 8,000 స్థలాలకు అక్షాంశ రేఖాంశాలు కూర్చిపెట్టాడు. ఆ అంకెలను పట్టుకొని పదమూడు శతాబ్దాల తరువాత ఐరోపావారు పటాలు గీసి అచ్చువేశారు.

ఆ గ్రంథంలో ‘మైసోలోస్’ అన్న నది ఉంది. అది మన కృష్ణవేణి అని పండితుల అభిప్రాయం. ‘కొంటకొస్సిల’ అన్న వర్తకస్థానం ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలోని ‘కంటకసేల’ ఇందుకు సాక్ష్యం. ‘కొడ్డూర’ను గూడూరుగా గుర్తించారు. స్వర్ణభూమికి పోయే ఓడలు తీరం విడిచే చోటు కూడా ఆ దాపుననే చెప్పబడింది. తెలుగు పండితుణ్ణి గదా, కంటకసేల ఘంటసాలయిన తీరు తలచుకొని మురిసిపోయాను.

అంతలో మనవరాలు నవ్వింది: “తాతయ్యా, దక్షిణదేశం ఏదీ?” నిజమే. కన్యాకుమారిదాకా కొనదేరవలసిన ద్వీపకల్పం అణగిపోయి, తీరం ఇంచుమించు పడమటినుంచి తూర్పుకు సాగింది. సింహళం మాత్రం మహాద్వీపంలా ఉబ్బి ఉంది.

నా నవ్వు సగంలో ఆగిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, సోషల్ మాస్టారు సెలవు పెట్టిన ఒకనాడు, ఏడవ తరగతి పిల్లలచేత భారతదేశ పటం గీయించాను. ఒక కుర్రవాడు సరిగ్గా ఇటువంటి చదును తీరమే గీశాడు. ఇదేమిటని గద్దించగా, “మా నాన్న మద్రాసుకు లారీ తోలతాడండీ. దారంతా తిన్నగానే ఉంటదని చెప్పాడండీ” అన్నాడు. నేను పకపక నవ్వాను. గురువు నవ్వితే తరగతి ఊరుకుంటుందా? వాడు పలక దించినట్టు తల దించుకున్నాడు. ఆ తరువాత నా ఎదుట నోరు విప్పలేదు.

టోలెమీ మనదేశం చూసినవాడు కాడు. వర్తకులూ నావికులూ చెప్పిన మాటలే అతనికి ఆధారం. ఎన్నిదినాలు ఓడ నడిచిందో వారు చెప్పగలరు; తీరం ఏపాటి దక్షిణానికి ఒరిగిందో చెప్పడం కష్టం. ఆ పిల్లవాడు చేసినదీ అదే: నమ్మదగిన బాటసారి మాట విని పటం గీశాడు. టోలెమీ తప్పును లోకం భద్రపరచి గౌరవించింది. వాడి తప్పును నేను నవ్వులపాలు చేశాను. “నాన్న ఏ ఊళ్లమీదుగా పోతాడురా?” అని ఒక్కమాట అడిగి ఉంటే, ఆ దారినే పాఠం నడిచేది.

కొంటకొస్సిల, కొడ్డూర, మైసోలోస్... పరదేశి రాసిన పేర్లన్నీ ఇప్పుడు నాకు కంఠస్థం. ఆ కుర్రవాడి పేరు మాత్రం ఎంత వెదకినా జ్ఞాపకానికి రావడం లేదు.